కళ్ళు తెరిచిన నిద్ర

పెద్దిరాజు భార్య మాణిక్యం ఆపరేషను బల్ల మీద కన్నుమూసి ఇంకా పెద్దదినం కూడా కాలేదు. ఈలోగానే అమలాపురంలో ఆ కబురు వెళ్ళని వీధి లేదు. "డాక్టరమ్మ మత్తు ఎక్కువిచ్చేసిందంటండీ" అని రిక్షా స్టాండులో అనుకున్నారు. మందుల షాపుల దగ్గర అనుకున్నారు. ఆ మాటకి మొదలు డాక్టర్ సూర్యారావు గారే. ఆ రోజు వరండాలోకి వచ్చి, టోపీ తీసి చేత్తో పట్టుకుని, "కత్తి పెట్టకుండానే గుండె ఆగిపోయిందండీ. మత్తుకి తట్టుకోలేకపోయింది, పాపం" అన్నారు. కమలాంబ పేరు ఎత్తలేదు. ఎత్తక్కర్లేదు. ఆ నర్సింగ్ హోంలో మత్తు ఇచ్చే డాక్టరు ఆవిడొక్కతే.

జరిగిందేమిటో కమలాంబ కళ్ళారా చూసింది. మాణిక్యం ఒంట్లో నెత్తురు తక్కువగా ఉందని, పెంటథాల్ అనే మత్తుమందు కాస్త కాస్తగా ఎక్కిస్తోంది తను. చేతి కింద నాడి సన్నబడగానే సూది ఆపి, ఖాళీ అయిన సెలైన్ సీసా మార్చడానికి వెనక్కి తిరిగింది. మళ్ళీ ఇటు తిరిగేసరికి సిరంజి సూర్యారావు చేతిలో ఉంది. తొడుగు వేసుకున్న బొటనవేలు దాన్ని అడుగంటా నొక్కేసింది. "ఇంతసేపా?" అన్నారాయన. ఆ తర్వాత నాడి లేదు. కమలాంబ గొంతు చించుకుని అరిచింది. ఆయన సిస్టర్ పద్మావతి చేత తలుపు వేయించారు. గుండె మీద నొక్కి నొక్కి, చేతులు పడిపోయి ఆవిడ బయటికొచ్చేసరికి మాణిక్యాన్ని ఎక్కించుకున్న వ్యాను నల్ల వంతెన దాటిపోయింది.

ఆ రాత్రి ఆవిడ ముద్ద ముట్టలేదు. తండ్రి శరభయ్య గారు వేదం చదువుకున్న మనిషి. కూతురికి ఇంగ్లీషు వైద్యం చెప్పించినందుకు అగ్రహారంలో చాలా మాటలు పడ్డారు. ఆయన ఒకటే అడిగారు. "అమ్మాయ్, నువ్వు చెయ్యని పని చేశానని ఎక్కడైనా ఒప్పుకున్నావా?"

"లేదు నాన్నగారూ."

"అయితే లేచి అన్నం తిను. రేపు డ్యూటీకి వెళ్ళు. నువ్వు ఇంట్లో కూచుంటే వాళ్ళు చెప్పిందే నిజమైపోతుంది."

కమలాంబ వెళ్ళింది. రోజూ వెళ్తూనే ఉంది. సూర్యారావు పలకరించడం మానేశారు. పలకరింపు అక్కర్లేదనుకుంది ఆవిడ.

* * *

మంగళవారం ఎండ ఎక్కుతున్న వేళ ఒక అంబాసిడర్ టాక్సీ గేట్లోకి దూసుకొచ్చి ఆగింది. వెనక సీట్లో, మొగుడి ఒళ్ళో తల పెట్టుకుని ఒక పాతికేళ్ళ మనిషి. పెదాలు సున్నం కొట్టినట్టున్నాయి. పొట్ట ఉబ్బి గట్టిపడింది. పేరు వీరవేణి. కాట్రేనికోన అవతల సముద్రపు ఒడ్డు పల్లె. నెల తప్పి మూడో నెలట. పొద్దున్న వలలు ఆరేస్తూ కడుపు పట్టుకుని కూలబడిపోయిందట.

కమలాంబ కింది రెప్ప లాగి చూసింది. చేయి పట్టుకుంది. నాడి దారంలా తగిలీ తగలకుండా పరుగెడుతోంది. గర్భసంచిలో నిలవాల్సిన పిండం పక్క గొట్టంలో నిలిచి, ఆ గొట్టం పగిలింది. ఒంట్లో నెత్తురంతా పొట్టలోకి పోతోంది.

ముందు సీట్లోంచి దిగిన మనిషిని చూసి ఆవిడ చేయి ఒక్క క్షణం ఆగింది. పెద్దిరాజు. మాసిన గెడ్డం, భుజాన తడి తువ్వాలు. ఆయన కూడా ఆవిణ్ణి చూశాడు. 

స్ట్రెచర్ మీదికి దింపుతుంటే వీరవేణి మొగుడు అప్పలరాజు కమలాంబకి అడ్డంగా నిలబడ్డాడు. సముద్రం మీద తిరిగే మనిషి, నల్లగా పుటంవేసిన ఒళ్ళు. 

"డాక్టరమ్మగారూ, మా పెదనాన్న కొడుకండి ఈ అన్నయ్య. మా వదిన్ని ఇక్కడే పోగొట్టుకున్నామండి. కాకినాడ దాకా ఆగదన్నారండి కాట్రేనికోనలో. గతిలేక వచ్చేమండి. ఆ మత్తు సూది మాత్రం వద్దండి."

"మరెలాగ?"

"తెలివిలోనే కొయ్యమనండి. కాళ్ళూ చేతులూ నేను పట్టుకుంటానండి. అరిస్తే అరిచింది. మనిషి ఉంటది కదండి."

కమలాంబ మాట్లాడుతూనే వీరవేణి చేతికి పట్టీ బిగించి, నరం వెతికి సూది ఎక్కించింది. సెలైన్ ధారగా వదిలింది.

"తెలివిలో కోస్తే ఆ బాధకే ప్రాణం పోతుంది అప్పలరాజూ. నే చెప్పేది విను. మత్తులోకి పోయే మనిషి నాలుగు మెట్లు దిగుతాడు. మొదటి మెట్టు మీద తెలివి ఉంటుంది గానీ నొప్పి మొద్దుబారుతుంది. రెండో మెట్టు మీద తెలివి తప్పి, ఒళ్ళు తెలీకుండా కొట్టుకుంటాడు, కక్కుతాడు, ఊపిరి బిగబడుతుంది. ఆ మెట్టు మీద ఉన్నవాణ్ణి ఎవరూ ముట్టుకోకూడదు. మూడోది మంచి నిద్ర. కత్తి అక్కడే పెట్టాలి. నాలుగోదాంట్లోకి జారితే ఇక ఊపిరీ ఉండదు, గుండే ఉండదు."

"మా వదిన నాలుగోదాంట్లోకి పోయిందాండి?"

"పోయింది."

ఆ మాట చెప్పడానికి ఆవిడ తడుముకోలేదు. పెద్దిరాజు తల ఎత్తాడు.

"ఈథర్ వాసన చూపిస్తే మనిషి నెమ్మదిగా దిగుతాడు. ఎక్కడున్నాడో మనకి కనిపిస్తుంది. నరంలోకి ఇచ్చే పెంటథాల్ అలా కాదు. కన్ను మూసి తెరిచేలోగా మూడో మెట్టు మీద పడేస్తుంది. ఒంట్లో నెత్తురు నిండుగా ఉన్నవాడికి అది మంచి మందే. నెత్తురు పోయినవాడికి ఆ కొలతే యముడు. నీ భార్యకి అది ఇవ్వను. ఇంకోటుంది, అదిస్తాను. నేను తన తల దగ్గరే ఉంటాను. లేచేదాకా అక్కణ్ణుంచి కదలను."

అప్పలరాజు అన్న వైపు చూశాడు. పెద్దిరాజు గొంతు సవరించుకుని, "వదులు తమ్ముడూ. తీసుకెళ్ళనీ" అన్నాడు.

"ఆయ్" అని అప్పలరాజు పక్కకి తప్పుకున్నాడు.

* * *

థియేటర్లో సూర్యారావు అప్పటికే చేతులు కడుక్కుని, తొడుగులు వేసుకుని నిలబడ్డారు. కోనసీమలో ఆయన చేతివేగానికి పేరుంది. ఇంకొకరు పొట్ట తెరిచేలోగా ఆయన కుట్లు వేసేస్తారని చెప్పుకుంటారు. ఆ పేరు ఆయన చెవిన కూడా పడుతూ ఉంటుంది.

ట్రేలో పెద్ద సిరంజి నిండా లేత పసుపు రంగు మందు సిద్ధంగా ఉంది. సిస్టర్ పద్మావతి కలిపింది. కమలాంబ దానివంక చూసి, "ఇదెవరు కలపమన్నారు?" అంది.

పద్మావతి తల వంచుకుంది. సమాధానం సూర్యారావు ఇచ్చారు. "నేను. టైము లేదు. ఇచ్చెయ్యండి."

"పెంటథాల్ ఇవ్వనండీ."

సూర్యారావు తొడుగులు వేసుకున్న చేతులు ఎత్తి పట్టుకునే ఆవిడ వైపు తిరిగారు.

"ఏమన్నారూ?"

"ఈమె నాడి మీరూ చూసేరు. ప్రెషరు అందడం లేదు. ఇది ఇస్తే మాణిక్యం వెనకాలే పోతుంది. కెటమిన్ ఇస్తాను. అది గుండెని కుంగదీయదు."

"విశాఖపట్నం నుంచి సంచిలో వేసుకొచ్చిన ఆ కొత్త మందా? కళ్ళు తెరుచుకుని పడుకునే మందు? నా బల్ల మీద ప్రయోగాలు చేస్తారా?"

"ప్రయోగం కాదండీ. విశాఖపట్నంలో యాక్సిడెంటు కేసులకి నా చేత్తో ఇచ్చేను. వాళ్ళు లేచి నడిచి వెళ్ళేరు."

"కమలాంబ గారూ, ఈ థియేటరు నాది. ఇక్కడ ఏ మందో నేను చెప్తాను. ఇవ్వడం మీ పని."

"కోసేది మీరు. నిద్రపుచ్చేది నేను. మీ కత్తి మీద నేను చెయ్యి వెయ్యడం లేదు. నా సూది మీద మీరు వెయ్యకండి. ఒకసారి వేసేరు. చాలు."

సూర్యారావు ముఖం మాస్కు పైన ఎర్రబడటం కనిపించింది. "సిస్టర్! కాంపౌండరు సత్తిబాబుని పిలు. సూది వాడే పొడుస్తాడు."

"పిలవండి సిస్టర్" అంది కమలాంబ. గొంతు పెరగలేదు. "సత్తిబాబు లోపలికి వచ్చిన గడియే నేను బయటికి వెళ్తాను. వరండాలో ఈమె మొగుడున్నాడు. మాణిక్యం మొగుడూ ఉన్నాడు. వాళ్ళిద్దర్నీ ఈ గుమ్మం దగ్గర నిలబెట్టి, లోపల ఏ మందు ఎక్కుతోందో, ఎవరు ఎక్కించమన్నారో చెప్తాను. పోయినసారి ఎవరు ఎక్కించారో కూడా చెప్తాను."

"బెదిరిస్తున్నావా అమ్మాయ్?"

"ఆయ్. బెదిరిస్తున్నాను."

ఆవిడ ట్రేలోంచి సిరంజి తీసింది. సూర్యారావు కళ్ళలోకి చూస్తూనే పిస్టను నొక్కింది. పసుపు మందు సన్నటి ధారగా కింద బకెట్లోకి పోయింది. ఆఖరి బొట్టు దాకా పోయింది. ఖాళీ సిరంజి ట్రేలో పెట్టి తన సంచిలోంచి చిన్న సీసా తీసింది.

"ఈలోగా ఈమె పొట్టలోకి ఇంకో గ్లాసు నెత్తురు పోయి ఉంటుంది డాక్టరు గారూ. మిగతా తగువు తర్వాత పడదాం. సిద్ధమేనా?"

ఆయన బల్ల దగ్గరికి వచ్చి తన చోట నిలబడ్డారు.

కమలాంబ వీరవేణి మీదికి వంగింది. "అమ్మా వీరవేణీ, నీ కళ్ళకి చిత్రాలు కనిపిస్తాయి. భయపడకు. నేనిక్కడే ఉన్నాను." వీరవేణి పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. ఆవిడ మందు నెమ్మదిగా ఎక్కించింది. వేలు నాడి మీదే ఉంచింది.

కాసేపటికి వీరవేణి చూపు పైకప్పు మీద నిలిచిపోయింది. రెప్పలు వాలలేదు. నల్లగుడ్లు ఆ పక్కకీ ఈ పక్కకీ అల్లల్లాడుతున్నాయి.

"చూడు, చూడు! మేలుకునే ఉంది మనిషి" అన్నారు సూర్యారావు. చేతిలో కత్తి ఉన్నా ఆయన వెనక్కి జరిగారు. మెలకువలో ఉన్న మనిషిని కొయ్యడానికి ఆయనకీ చెయ్యి రాలేదు. ఆ సంగతి కమలాంబ గమనించింది.

"మేలుకుని లేదండీ. కళ్ళు తెరిచే ఉంటాయి. దీంట్లో ఆ మెట్లు మనకి కనపడవు. ఒక్క నిమిషం ఆగండి. పొద్దున్న గంజి తాగిందట, అది పైకొచ్చి ఊపిరికి అడ్డంపడొచ్చు. ఊపిరి గొట్టం పెట్టేదాకా ముట్టుకోకండి."

పద్మావతిని పిలిచి గొంతు ముందు వైపు వేలితో ఎక్కడ నొక్కాలో చూపించింది. నొక్కిన వేలు తను చెప్పేదాకా తియ్యొద్దంది. కండరాలు సడలే మందు ఇచ్చింది. నోరు తెరిచి, లైటు వేసి, ఊపిరి గొట్టం దించింది. గొట్టానికి తగిలించిన గాలి సంచీ నొక్కితే రొమ్ము రెండువైపులా సమంగా లేచింది. అప్పుడు మళ్ళీ నాడి చూసింది. దారంలా ఉన్నది కాస్త పురికొసలా తగిలింది.

"ఇప్పుడు కొయ్యండి."

కత్తి దిగింది. నాడి బెదరలేదు.

పొట్ట తెరవగానే నెత్తురు పొంగి బల్ల మీది గుడ్డలన్నీ తడిసిపోయాయి. ఇక అక్కణ్ణుంచి సూర్యారావు చేతులు ఊళ్ళో చెప్పుకునే చేతులే. కళ్ళతో చూడకుండానే వేళ్ళతో ఆ పగిలిన గొట్టాన్ని పట్టేశారు. బిగించేశారు. "గిన్నె!" అన్నారు. పొట్టలో నిలిచిన నెత్తుర్ని గరిటెతో తోడి, మడతలు వేసిన పల్చటి కట్టుగుడ్డలోంచి వడగట్టించి, గడ్డకట్టకుండా మందు వేసిన సీసాలో పోయించారు. ఆ సీసాని కమలాంబ స్టాండుకి తగిలించి, ఆమె నెత్తురు ఆమె నరంలోకే తిరిగి వదిలింది. తర్వాత మత్తు తగ్గకుండా ఈథర్ సన్నగా పెట్టింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. "ప్రెషరు?" అని ఆయన అడగడం, ఈవిడ చెప్పడం, అంతే.

ఆఖరి కుట్టు వేసేసరికి వీరవేణి పెదాలకి కాస్త ఎరుపు వచ్చింది. సూర్యారావు తొడుగులు ఊడదీసి బకెట్లో పడేశారు. చేతులు కడుక్కునే చోటికి వెళ్ళిపోయారు.

ఊపిరి గొట్టం తీసి పక్కగది మంచం మీదికి మార్చాక, లేచేటప్పుడు వీరవేణి గదంతా దద్దరిల్లేలా అరిచింది. "పడవ! పడవ బోర్లా పడిపోతంది!" అంటూ చేతులు విసిరింది. పద్మావతి హడలిపోయి, "డాక్టరు గారిని పిలవనాండీ? నిద్ర సూదేమన్నా..." అంది.

"వద్దు. ఏ సూదీ వద్దు. దిగిన మెట్లే ఎక్కి వస్తోంది. కిటికీ తలుపు మూసి, లైటు ఆర్పండి. అప్పలరాజుని పిలవండి. ఎవరూ గట్టిగా మాట్లాడొద్దు."

అప్పలరాజు వచ్చి మంచం పక్కన గొంతుక్కూచున్నాడు. "వేణీ, పడవ ఒడ్డునే ఉందే. నేను లాగేసేనే. ఇదిగో నేనే" అని అదే మాట మళ్ళీ మళ్ళీ చెప్పాడు. కేకలు మూలుగులయ్యాయి. మూలుగులు తగ్గాయి. చివరికి వీరవేణి మొగుడి వంక తిరిగి, మామూలు గొంతుతో, "దాహమేస్తంది" అంది.

అప్పలరాజు తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేశాడు. కమలాంబ అప్పుడు గోడకి ఆనుకుంది. 

* * *

వరండాలో ఎండ సగం దాకా వచ్చింది. మందుల కోసం కూచున్న జనం, వాళ్ళని పలకరించడానికి వచ్చిన జనం, బల్లలన్నీ నిండి ఉన్నాయి. కమలాంబ బయటికి రాగానే అందరూ ఆవిడ వైపు తిరిగారు. స్తంభం దగ్గర నిలబడ్డ పెద్దిరాజు రెండడుగులు ముందుకొచ్చాడు.

"బతికిందంటండి."

"బతికింది పెద్దిరాజు గారూ."

ఆయన తల ఊపాడు. కళ్ళు తుడుచుకోలేదు. "మంచిదండి. మా తమ్ముడి ఇల్లు నిలబెట్టేరు. మరొక్క మాట అడుగుతానండి. అదే గది. అదే బల్ల. మీరే డాక్టరు. ఇయ్యాళ ఈ పిల్లని నిలబెట్టిన మనిషి, ఆ రోజు నా మనిషిని ఎందుకు చంపేరండి?"

 ఎవరో ముసలావిడ, "ఊరుకో నాయనా" అంది.

"ఊరుకోనక్కర్లేదు" అంది కమలాంబ. "అడగాల్సిన మాటే అడిగేరు. ఆ రోజు నేను బయటికొచ్చేసరికి మీరు వెళ్ళిపోయారు. మీ పల్లెకి మనిషిని పంపేను. నా మొహం చూడనని కబురు పెట్టేరు. అందుకని ఇప్పుడు అందరి ముందూ చెప్తాను. మీ భార్యని నేను చంపలేదు. మందు తట్టుకోలేదని నేను సూది ఆపేసేను. ఆపిన సూదిని నా వెనక నుంచి ఇంకొకరు తీసుకుని, పూర్తిగా నొక్కేసేరు. నేను చూసేను."

"ఎవరండి?"

తలుపు దగ్గర అలికిడైంది. సూర్యారావు గుమ్మంలో నిలబడి ఉన్నారు. గౌను విప్పలేదు. ఆయన ఎప్పటినుంచి అక్కడున్నారో ఎవరూ చూడలేదు.

"కమలాంబ గారూ, ఆలోచించి మాట్లాడండి" అన్నారు. గొంతు మెత్తగా ఉంది. "మీరు ఆ పేరు చెప్పిన తర్వాత ఇక్కణ్ణుంచి రాజోలు దాకా, కొత్తపేట దాకా ఏ థియేటరూ మీకు తలుపు తియ్యదు. మీ నాన్నగారి వయసు కూడా ఆలోచించండి."

"మా నాన్నగారు ఆలోచించే పంపేరండీ నన్ను."

ఆవిడ మళ్ళీ పెద్దిరాజు వైపు తిరిగింది. చేయి చాపి సూర్యారావు వైపు చూపించబోయింది. పేరులో మొదటి అక్షరం నాలుక మీదికి వచ్చింది.

"నేనేనండి!"

అందరూ తిరిగి చూశారు. సిస్టర్ పద్మావతి. సూర్యారావు పక్కనుంచి వరండాలోకి వచ్చి, పెద్దిరాజు ఎదుట నిలబడింది. తెల్ల చీర మీద వీరవేణి నెత్తురు మరకలు ఇంకా ఆరలేదు. ఆమెకీ, మంచానపడ్డ ఆమె తల్లికీ నీడ ఆ నర్సింగ్ హోం వెనక సూర్యారావు ఇచ్చిన రెండు గదులే.

"ఆ రోజు సూది నొక్కింది నేనేనండి" అంది పద్మావతి, నేల చూపులు చూస్తూ. "డాక్టరు గారికి ఏ పాపం తెలీదండి. డాక్టరమ్మగారు పొరబడుతున్నారండి."

పెద్దిరాజు ఆమె వంక చూశాడు. తర్వాత కమలాంబ వంక చూశాడు.

"మీ ఇద్దర్లో అబద్ధం ఎవరిదండి?" అన్నాడు.